పాఠకుల ప్రశ్నలు: రాజ్యం లేని భాషకు పారిస్‌లో పీఠం

ఐరోపాలో తెలుగు బోధన గురించి కిందటి సంచికలో రాసినప్పుడు, పారిస్‌లోని ప్రాచ్య భాషల సంస్థలో తెలుగుతో పాటు కుర్దు భాషను కూడా చాలాకాలంగా నేర్పుతున్నారని ఒక్క వాక్యంలో ప్రస్తావించాము. ఆ వాక్యాన్ని పట్టుకుని విశాఖపట్నం నుంచీ, చుట్టుపక్కల ఊళ్ల నుంచీ పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. కుర్దులకు సొంత దేశం లేదు. వాళ్ల భాష చాలాకాలం వాళ్లున్న చోటే నిషేధానికి గురైంది. అలాంటి భాషకు పారిస్‌లో బోధన ఎలా మొదలైంది? ఇన్ని దశాబ్దాలు ఎలా నిలిచింది?
– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం

సమాధానం: పారిస్‌లో కుర్దు బోధన 1945లో మొదలైంది, మొదట పాఠం చెప్పినవారు రోజే లెస్కో అనే ఫ్రెంచి పండితుడు. ఇంతవరకూ ఏ విజ్ఞాన సర్వస్వంలోనైనా దొరుకుతుంది. అయితే 1945కు ముందు ఏం జరిగిందో, ఆ తర్వాత ఆ పీఠంలో ఎవరు కూర్చున్నారో తెలుసుకుంటే తప్ప మీ రెండో ప్రశ్నకు సమాధానం దొరకదు.

కుర్దులు తుర్కియే, ఇరాన్, ఇరాక్, సిరియా దేశాల సరిహద్దులు కలిసే కొండ ప్రాంతాల్లో ప్రధానంగా ఉంటారు. వాళ్ల జనాభా మూడు నుంచి నాలుగు కోట్ల మధ్య ఉంటుందని సాధారణంగా అంచనా వేస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920లో కుదిరిన సెవ్ర్ ఒప్పందం వాళ్లకు స్వపరిపాలన ఆశ చూపింది. దాని స్థానంలో 1923లో వచ్చిన లొసాన్ ఒప్పందంలో కుర్దుల ఊసే లేదు. కొత్తగా ఏర్పడిన తుర్కియే గణతంత్రం మరుసటి ఏడాదే కుర్దు బడులను మూయించింది. ఒక భాషకు బడి, న్యాయస్థానం, ప్రభుత్వ ముద్రణాలయం ఏవీ లేనప్పుడు దాని వ్యాకరణం ఎవరు రాయాలి, దాని పాత రాతప్రతులను ఎవరు దాచాలి అన్నది కుర్దుల విషయంలో నిజంగానే జీవన్మరణ సమస్య అయింది.

వ్యాకరణం రాసే పని అంతకుముందే బయటివాళ్ల చేతుల్లో మొదలైంది. ఇటలీకి చెందిన డొమినికన్ మిషనరీ మౌరిజియో గార్జోని, ఇప్పటి ఇరాక్ ఉత్తర భాగంలోని అమాదియాలో ఏళ్ల తరబడి ఉండి, 1787లో రోమ్ నగరంలో కుర్దు వ్యాకరణాన్నీ, పదకోశాన్నీ అచ్చు వేయించాడు. మత ప్రచారం కోసం రాసినదే అయినా, ఒక కుర్దు మాండలికాన్ని ఒక క్రమంలో పెట్టి చూపిన తొలి పుస్తకంగా దాన్ని ఇప్పటికీ గౌరవిస్తారు. క్రిమియా యుద్ధ కాలంలో రష్యా పట్టుకున్న ఉస్మానియా సైనికుల్లో కుర్దులు కూడా ఉన్నారు. వాళ్లను స్మొలెన్స్క్ ప్రాంతంలోని రోస్లావ్ల్ అనే ఊళ్లో బంధించి ఉంచారు. సెయింట్ పీటర్స్‌బర్గ్ విద్వత్ పరిషత్తు పీటర్ లెర్ఖ్ అనే యువ పండితుణ్ణి ఆ బందీల దగ్గరికి పంపింది. అతను వాళ్ల ఎదురుగా కూర్చుని, వాళ్లు చెప్పిన కథలను వాళ్ల ఉచ్చారణలోనే రాసుకుని, 1857–58లో జర్మన్ భాషలో ప్రచురించాడు. తమ ఊరి నుంచి ఎంతో దూరాన బందీలుగా ఉన్న రైతుబిడ్డల మాట ఆ విధంగా ఐరోపా విద్యాలోకానికి చేరింది. ఆ సంగతి తెలిసి ఆ పుస్తకం చదివేవారెవరూ దాన్ని కేవలం భాషా సామగ్రిగా చూడలేరు.

సరిగ్గా అదే కాలంలో, ఇప్పటి తుర్కియే తూర్పు భాగంలోని ఎర్జురుమ్‌లో రష్యా కాన్సుల్‌గా ఉన్న అలెగ్జాండర్ జాబా, పోలండు జాతీయుడు, స్థానిక పండితుడైన మెలా మహమూద్ బాయజీదీతో కలిసి పని మొదలుపెట్టాడు. బాయజీదీ తన ప్రజల ఆచార వ్యవహారాల మీద కుర్దు వచనంలో ఒక గ్రంథం రాశాడు. 1597లో షరఫ్ ఖాన్ బిద్లీసీ పారసీకంలో రాసిన కుర్దు పాలకుల చరిత్ర ‘షరఫ్‌నామా’ను తన భాషలోకి తెచ్చాడు. కథలు రాసిచ్చాడు, పాత కావ్యాల ప్రతులను సేకరించాడు. 1860లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వెలువడిన సంకలనం అట్ట మీద మాత్రం జాబా పేరే ఉంది. మన బ్రౌన్ దొర వెనుక ఉన్న పండితులు చాలామందికి దక్కిన గతి ఇది. జాబా నిజాయతీగానే పనిచేశాడు, బాయజీదీ సాయాన్ని దాచిపెట్టలేదు. అయినా కుర్దు అధ్యయనానికి తొలి పండితుడు ఎవరని అడిగితే నేను బాయజీదీ పేరే చెబుతాను. వాళ్లిద్దరూ చేర్చిన రాతప్రతులు ఇప్పటికీ సెయింట్ పీటర్స్‌బర్గ్ జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆచారాల మీద బాయజీదీ రాసిన గ్రంథాన్ని మార్గరిటా రుడెంకో 1963లో రష్యన్ అనువాదంతో సహా వెలువరించింది. అంటే, రాసిన నూరేళ్ల తర్వాత అది బాయజీదీ పేరుతో వెలుగు చూసింది.

ఇక పారిస్. మీరు అడిగిన సంస్థను 1795లో, ఫ్రెంచి విప్లవ కాలపు కన్వెన్షన్ సభ స్థాపించింది. అరబ్బీ, తుర్కీ, పారసీకం వంటి రాజ్యాల భాషలతో మొదలైన ఆ పాఠశాలలో కుర్దుకు చోటు దొరకడానికి 150 ఏళ్లు పట్టింది. దానికి దారి సిరియా మీదుగా పడింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సిరియా, లెబనాన్ ఫ్రాన్సు పాలన కిందికి వచ్చాయి. తుర్కియే నుంచి తప్పించుకుని వచ్చిన కుర్దు విద్యావంతులు డమాస్కస్‌లో, బేరూత్‌లో తలదాచుకున్నారు. వాళ్లలో జలాదత్ బదిర్‌ఖాన్ 1932లో డమాస్కస్ నుంచి ‘హావార్’ అనే పత్రిక ప్రారంభించాడు. మొదట్లో అరబ్బీ, లాటిన్ లిపులు రెండింటిలోనూ, తర్వాత లాటిన్ లిపిలో మాత్రమే నడిచిన ఆ పత్రిక 1943 వరకు 57 సంచికలు వెలువడింది. ఇవాళ కుర్మాంజీ మాండలికం రాసేవారిలో ఎక్కువమంది వాడే లాటిన్ వర్ణమాల ఆ పత్రికలో స్థిరపడినదే. ఒక భాషకు లిపి ఏర్పరచడం సాధారణంగా ప్రభుత్వం చేసే పని. ఇక్కడ ఒక ప్రవాసి తన పత్రికా కార్యాలయంలో కూర్చుని చేశాడు.

లెస్కో డమాస్కస్‌లోని ఫ్రెంచి సంస్థలో పనిచేస్తూ బదిర్‌ఖాన్ సోదరులతో స్నేహం కలుపుకున్నాడు. 1938లో, కుర్దు మాట్లాడే ఒక ప్రత్యేక మత సమాజమైన యజీదీల మీద పరిశోధన గ్రంథం, ఆ తర్వాత రెండు సంపుటాల కుర్దు పాఠాలు ప్రచురించాడు. వాటిలో 1942 నాటి రెండో సంపుటం ‘మేమే ఆలాన్’ అనే మౌఖిక ప్రేమగాథ. ఒకరికి మించి గాయకుల నోట విన్న పాఠాలను కలిపి అతను దాన్ని కూర్చాడు కాబట్టి, అది ఏ ఒక్క గాయకుడూ ఏ ఒక్క రాత్రీ యథాతథంగా పాడినది కాదు. ఇప్పటి జానపద పరిశోధకులు ఆ పద్ధతిని ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. అయినా ఆ సంపుటం లేకపోతే ఆ గాయకుల గాథలో ఎంత భాగం మనదాకా వచ్చేదో చెప్పడం కష్టం. 1945లో పారిస్‌లో కుర్దు బోధన మొదలైనప్పుడు, చేతిలో ఆ పాఠాలు ఉన్నందువల్లనే తరగతి నడిచింది.

లెస్కో వృత్తిరీత్యా దౌత్యవేత్త కాబట్టి ఎక్కువ కాలం ఆ తరగతిలో ఉండలేదు. అతని తర్వాత ఆ స్థానంలోకి వచ్చినవాడు జలాదత్ తమ్ముడు కామురాన్ బదిర్‌ఖాన్. ఈ వంశం సామాన్యమైనది కాదు. వాళ్ల తాత బదిర్‌ఖాన్ బేగ్ బోతాన్ సంస్థానాధీశుడు, ఉస్మానియా సుల్తానుకు ఎదురు తిరిగి 1847లో ఓడిపోయి రాజ్యం పోగొట్టుకున్నవాడు. మనవడు జర్మనీలో న్యాయశాస్త్రం చదివి, బేరూత్‌లో పత్రిక నడిపి, చివరికి పారిస్‌లో భాషా బోధకుడయ్యాడు. 1970 వరకు, అంటే రెండు దశాబ్దాలకు పైగా, అతను అక్కడ కుర్దు నేర్పాడు. భాష మాట్లాడేవాడే గురువు కావడమన్న ఈ మార్పును నేను అన్నిటికంటే పెద్ద మలుపుగా భావిస్తాను. అప్పటిదాకా కుర్దు మనిషి సమాచారం చెప్పే పాత్రలోనే ఉన్నాడు. ఇప్పుడు అతని ముందు ఐరోపా విద్యార్థులు నోటు పుస్తకాలు తెరిచి కూర్చున్నారు.

ఆ విద్యార్థుల్లో జాయిస్ బ్లావ్ ఒకరు. 1932లో కైరోలో పుట్టిన ఆమె కామురాన్ దగ్గర కుర్దు నేర్చుకుని, 1965లోనే కుర్దు–ఫ్రెంచి–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించింది. 1970లో గురువు స్థానంలోకి వచ్చి 2000 వరకు బోధించింది. సోరానీ మాండలికానికి 1980లో ఒక వాచకం, వేసీ బరాక్‌తో కలిసి కుర్మాంజీకి 1999లో మరొకటి తయారుచేసింది. అదే 1970లో జలాదత్, లెస్కో కలిసి రాసిన కుర్మాంజీ వ్యాకరణం కూడా అచ్చయింది. జలాదత్ 1951లోనే చనిపోయాడు. జాయిస్ బ్లావ్ 2024లో కన్నుమూసేనాటికి ఆమె శిష్యులూ ప్రశిష్యులూ అనేక దేశాల్లో ఉన్నారు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న తేలికవుతుంది. 1945 నుంచి 2000 వరకు ముగ్గురు మనుషులు ఆ బోధనను మోశారు. ఒకరి చేతిలోంచి మరొకరి చేతికి వ్యాకరణం, నిఘంటువు, పాఠ సంకలనం అందాయి. విద్యార్థులు తక్కువగా ఉన్న ఏళ్లలో కూడా ఫ్రాన్సు ప్రభుత్వం ఆ పదవిని రద్దు చేయలేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా అది మధ్యలోనే ఆగిపోయేది. అందుకు బెర్లిన్ ఉదాహరణ ఉంది. ఓస్కార్ మాన్ ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో ముక్రీ కుర్దుల భాషను, గాథలను అపారంగా సేకరించి, 1917లో చనిపోయాడు. అతని కాగితాల్లో మిగిలిన జాజా, గోరానీ భాషల సామగ్రిని కార్ల్ హదాంక్ 1930 ప్రాంతాల్లో ప్రచురించాడు. ఆ కృషి గొప్పదే. కానీ మాన్ తర్వాత అక్కడ పారిస్‌లో లాగా గురుశిష్య పరంపర ఏర్పడలేదు.

ప్రశ్న: ఈ చదువుల వెనుక ఉన్నది రాజకీయమే కదా? రష్యా రాయబారి, ఫ్రెంచి అధికారి, మత ప్రచారకుడు. వీళ్లు రాసినదాన్ని ఎందుకు నమ్మాలి?
– ఒక విశ్రాంత ఉక్కు కర్మాగార ఉద్యోగి, గాజువాక

సమాధానం: మీ అనుమానం న్యాయమైనదే. మీరు చెప్పిన జాబితాకు బ్రిటిష్ అధికారులను కూడా చేర్చాలి. 1913లో కుర్దు వ్యాకరణం రాసిన ఇ.బి.సోన్, ఇరాక్‌లో పరిపాలనాధికారిగా ఉన్న సి.జె.ఎడ్మండ్స్ ఆ కోవకు చెందినవారే. ఎడ్మండ్స్ తర్వాతి కాలంలో తౌఫీక్ వహబీ అనే కుర్దు పండితుడితో కలిసి 1966లో కుర్దు–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. సామ్రాజ్యాలకు కొండ జాతుల గురించి తెలియాల్సిన అవసరం ఉంది, ఆ అవసరం కోసమే డబ్బు ఖర్చు పెట్టాయి.

అయితే రాజకీయం ఐరోపా వైపు నుంచే రాలేదు. తుర్కియేలో 1983లో తెచ్చిన 2932వ నంబరు చట్టం, కుర్దు పేరు ఎత్తకుండానే, ఆ భాషలో ప్రచురణనూ ప్రసారాన్నీ నేరంగా మార్చింది. అది 1991 వరకు అమలులో ఉంది. తాను కుర్దు కాకపోయినా కుర్దుల సమాజం గురించి రాసినందుకు సామాజిక శాస్త్రవేత్త ఇస్మాయిల్ బెషిక్చీ దాదాపు 17 ఏళ్లు చెరసాలల్లో గడిపాడు. ఇస్తాంబుల్‌లో 1992లో స్థాపించిన కుర్దు సంస్థను 2016 చివర అత్యవసర ఉత్తర్వుతో మూసివేశారు. సోవియట్ దేశంలో మరో రకం అనుభవం ఎదురైంది. 1930లో ఎరెవాన్ నుంచి ‘రియా తాజా’ అనే కుర్దు పత్రిక మొదలైంది, 1934లో అక్కడే కుర్దు అధ్యయనాల సదస్సు జరిగింది. తొలి కుర్దు నవలగా పేరొందిన రచన చేసిన అరబ్ షమో ఆ ఉత్సాహంలోంచే వచ్చాడు, 1937లో అరెస్టయి ప్రవాస శిక్ష అనుభవించాడు. తిరిగి 1959లో ప్రాచ్య విద్యా పండితుడు ఓర్బెలీ పూనికతో లెనిన్‌గ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) ప్రాచ్య విద్యా సంస్థలో కుర్దు విభాగం ఏర్పడింది. ఓర్బెలీ తర్వాత దాన్ని నడిపినవాడు కనాత్ కుర్దో. యజీదీ కుటుంబంలో పుట్టి, ఆ నగరానికి చదువుకోసం వచ్చి, వ్యాకరణాలూ నిఘంటువూ రాసిన పండితుడు.

నమ్మాలా వద్దా అన్నదానికి నా సమాధానం ఇది: రాసినవాడి ఉద్యోగం చూసి తోసిపుచ్చనక్కరలేదు, పాఠాన్ని సరిచూడాలి. లెర్ఖ్ రాసుకున్న కథలను ఇవాళ ఆ మాండలికం మాట్లాడేవారు చదివి తప్పొప్పులు చెప్పగలరు. గార్జోని పదకోశాన్ని అమాదియా మాటతో పోల్చవచ్చు. డి.ఎన్.మెకంజీ 1961–62లో లండన్ నుంచి రెండు సంపుటాలుగా వెలువరించిన మాండలిక పరిశీలనలో, తాను ఏ ఊరి మాటను వర్ణిస్తున్నాడో విడివిడిగా చూపాడు, కాబట్టి ఎవరైనా వెళ్లి పరీక్షించవచ్చు. అభిప్రాయాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మీ జాగ్రత్త అక్షరాలా అవసరం. ఫలానా తెగ ‘స్వభావం’ ఇటువంటిదని పాత అధికారులు రాసిన పేజీలను నేను ఏ విద్యార్థికీ ఆధారంగా సిఫారసు చేయను.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులో ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. అక్కడ కూడా కుర్దు అధ్యయన కేంద్రం ఉందని చెప్పాడు. పారిస్‌కూ దానికీ తేడా ఏమిటి?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

సమాధానం: పారిస్‌లో భాషతో మొదలుపెట్టి సాహిత్యానికీ చరిత్రకూ వెళ్లారు. ఎక్సెటర్‌లో 2006లో స్థాపించిన కేంద్రం అరబ్, ఇస్లామిక్ అధ్యయనాల సంస్థలో భాగంగా పుట్టింది కనుక, అక్కడ రాజనీతి, అంతర్జాతీయ సంబంధాలు, సమాజం, మౌఖిక సాహిత్యం కలిసి నడిచాయి. 2003 తర్వాత ఇరాక్‌లో కుర్దు ప్రాంతీయ ప్రభుత్వం బలపడింది, 2005 నాటి రాజ్యాంగం కుర్దును అరబ్బీతో పాటు అధికార భాషగా గుర్తించింది. ప్రపంచానికి ఆ ప్రాంతం గురించి తెలుసుకోవాల్సిన పని అప్పుడు పెరిగింది. ఎక్సెటర్‌లో రచయిత, రాజకీయ నాయకుడు ఇబ్రహీం అహ్మద్ పేరిట ఒక ఆచార్య పీఠం ఉంది. యజీదీల మౌఖిక సంప్రదాయం మీద 2001లో గ్రంథం రాసిన క్రిస్టీన్ ఆలిసన్ ఆ పీఠాన్ని నిర్వహించారు. ఆమె అంతకుముందు పారిస్‌లో బోధించినవారే. రెండు చోట్లకూ సంబంధం లేదనుకోవద్దు.

మీ అబ్బాయికి వీలుంటే అక్కడి ఒమర్ షేక్‌మూస్ సేకరణను చూడమనండి. ప్రవాస ఉద్యమాల కరపత్రాలు, పత్రికలు, ఉత్తరాలు వంటివి సాధారణ గ్రంథాలయాల్లో దొరకవు, కుటుంబాలు ఇల్లు మారినప్పుడు మొదట పోయేవి కూడా అవే. అటువంటి కాగితాలను ఒక విశ్వవిద్యాలయం పెట్టెల్లో పెట్టి జాబితా రాయడం ఎంత విలువైన పనో, మన దగ్గర పాత ఉద్యమ పత్రికల కోసం తిరిగినవారికి చెప్పనక్కరలేదు.

మరికొన్ని చోట్లు కూడా ఉన్నాయి. గోటింగెన్‌లో ఫిలిప్ క్రయెన్‌బ్రోక్ ఇరానీ అధ్యయనాల ఆచార్యులుగా యజీదీ మతసాహిత్యాన్ని విశ్వవిద్యాలయ స్థాయి విషయంగా నిలబెట్టారు. డచ్చి మానవశాస్త్రవేత్త మార్టిన్ వాన్ బ్రూయినెసెన్ 1978లో ఉట్రెక్ట్‌లో సమర్పించిన సిద్ధాంత గ్రంథం, తెగ పెద్దలకూ షేక్‌లకూ రాజ్యానికీ ఉన్న సంబంధం మీద ఇప్పటికీ మొదట చదవవలసిన పుస్తకం. పోలండులో క్రాకోవ్‌లోని యాగెలోనియన్ విశ్వవిద్యాలయంలో కుర్దు విభాగం పనిచేస్తోంది. తుర్కియేలో 1980లో జరిగిన సైనిక తిరుగుబాటు తర్వాత స్వీడన్ చేరిన కుర్దు ప్రవాసులు, అక్కడి మాతృభాషా బోధన విధానం సాయంతో పిల్లల పుస్తకాలు, నవలలు విరివిగా అచ్చు వేశారు. కార్మికుల కోసం రెండు దేశాలు 1961లో చేసుకున్న ఒప్పందం తర్వాత తుర్కియే నుంచి జర్మనీకి కూలి పనికి వెళ్లినవారి పిల్లలూ మనవలూ కూడా ఇవాళ ఈ విభాగాల్లో విద్యార్థులుగా కనిపిస్తారు. ఇంట్లో వినే మాటను తరగతిలో చదవడానికి వచ్చేవారు ఉండటం, 1945లో లేని బలం. పారిస్‌లోనే కుర్దు మేధావులు 1983లో సొంతంగా స్థాపించుకున్న కుర్దు సంస్థ, గ్రంథాలయంతోనూ, పదజాలం మీద క్రమం తప్పని సమావేశాలతోనూ, విశ్వవిద్యాలయం చేయలేని పనిని భుజాన వేసుకుంది.

ప్రశ్న: నేను మన్యంలో ఉపాధ్యాయుణ్ణి. మా పిల్లలు ఇళ్లలో కువి, కొండ భాషలు మాట్లాడతారు. ఎక్కడో పారిస్‌లో కుర్దు పీఠం గురించి రాస్తున్నారు, సంతోషం. మన విశాఖపట్నంలో ఈ భాషలకు పీఠం ఎప్పుడు?
– ఒక పాఠకుడు, పాడేరు

సమాధానం: ఈ ప్రశ్న రావాలనే కోరుకున్నాను. మన దగ్గర ఆరంభం బలహీనంగా లేదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు ప్రచురించారు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష, తెలుగు వచ్చినంత మాత్రాన అర్థమయ్యేది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో తిరిగి సేకరించిన సామగ్రితో 1969లో కొండ భాష వర్ణన గ్రంథం వెలువరించారు. కొండ మాట్లాడేవారి పాటలూ కథలూ అందులో ఉన్నాయి. అంటే, లెస్కో స్థాయి పని మన దగ్గరా జరిగింది.

జరగనిది ఆ తర్వాతి అడుగు. కామురాన్ బదిర్‌ఖాన్ తన భాషను తానే బోధించిన విధంగా, కువి మాట్లాడే మనిషి కువి ఆచార్యుడిగా శాశ్వత పదవిలో కూర్చోవాలి. అతని దగ్గర చదివినవారు వచ్చే తరానికి వాచకాలు రాయాలి. ప్రాజెక్టు గడువు తీరగానే ఇళ్లకు పంపేసే తాత్కాలిక సహాయకుల నియామకాలతో ఇది సాధ్యపడదు. ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు తయారైన సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఆ వాచకాలు రాసిన ఉపాధ్యాయులకు విశ్వవిద్యాలయంలో చోటు లేకపోవడమే లోపమని నా దృఢమైన అభిప్రాయం.

కుర్దులతో పోల్చినప్పుడు మనకు ఒక సౌకర్యం ఉంది. మనకు నిషేధం లేదు. పాడేరు నుంచి విశాఖపట్నానికి ఘాట్ రోడ్డు మీద బస్సులో వచ్చి ఎవరైనా ఈ కోరికను రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. మీరు మీ తోటి ఉపాధ్యాయులతో కలిసి అటువంటి విజ్ఞాపన తయారుచేస్తే, దాన్ని ఈ పత్రికలో పూర్తిగా అచ్చు వేస్తాము. అందులో మూడు వివరాలు తప్పకుండా ఉండాలని సూచిస్తున్నాను: మీ ప్రాంతంలో ఇప్పటికే రాసి ఉన్న వాచకాల, కథల జాబితా, అవి ఎవరి దగ్గర ఉన్నాయన్నది, వాటిని రాసినవారి పేర్లు. బాయజీదీ పేరు అట్ట మీదికి రావడానికి నూరేళ్లు పట్టిన సంగతి గుర్తుంచుకుని, మీ వాళ్ల పేర్లు మొదటి పేజీలోనే రాయండి.

ప్రశ్న: విశాఖపట్నంలో ఉండి కుర్దు భాష నేర్చుకోవడం మొదలుపెట్టవచ్చా? ఏ మాండలికం, ఏ పుస్తకం?
– ఒక డిగ్రీ విద్యార్థి, అనకాపల్లి

సమాధానం: మొదలుపెట్టవచ్చు. ముందు మాండలికం ఎంచుకోవాలి. కుర్మాంజీ తుర్కియేలోనూ, సిరియాలోనూ, ఇరాక్ ఉత్తరపు అంచులోనూ వినిపిస్తుంది, ఎక్కువగా లాటిన్ లిపిలో రాస్తారు. సోరానీ ఇరాక్‌లోని సులేమానియా, అర్బీల్ వైపూ, ఇరాన్ పడమటి జిల్లాల్లోనూ ఉంది, దాన్ని సవరించిన అరబ్బీ లిపిలో రాస్తారు. మీకు ఉర్దూ చదవడం వస్తే సోరానీ లిపి త్వరగా పట్టుబడుతుంది. పైగా ఉర్దూలో లాగా హ్రస్వాచ్చులను ఊహించుకోనక్కరలేదు, చాలావరకు అచ్చులన్నీ రాస్తారు. ఉర్దూ రాకపోతే కుర్మాంజీ తీసుకోండి.

కుర్దు ఇరానీ శాఖకు చెందిన భాష, పారసీకానికి దగ్గరి చుట్టం. తెలుగువారికి ఇబ్బంది పెట్టేది భూతకాలం. ‘నేను ఆపిల్ తిన్నాను’ అనడానికి కుర్మాంజీలో ‘మిన్ సేవ్ ఖ్వార్’ అంటారు. అక్కడ ‘నేను’ అనే మాట కర్త రూపంలో కాక వేరే విభక్తిలో ఉంటుంది, క్రియ తిన్న వస్తువును అనుసరిస్తుంది. హిందీలో ‘మైనే సేబ్ ఖాయా’ అనడం మీకు అలవాటే కాబట్టి, ఆ దారిన ఆలోచిస్తే చిక్కు సగం విడిపోతుంది. కుర్మాంజీ నామవాచకాలకు స్త్రీ, పుం లింగ భేదం ఉంది. సోరానీలో సాధారణంగా అది లేదు, భూతకాలపు పద్ధతి కూడా అక్కడ కొంత మారుతుంది.

ఫ్రెంచి వస్తే జాయిస్ బ్లావ్, వేసీ బరాక్‌ల 1999 నాటి వాచకంతో మొదలుపెట్టి, సందేహం వచ్చిన చోట జలాదత్, లెస్కోల 1970 వ్యాకరణం తెరవండి. ఫ్రెంచి రాకపోతే పారిస్ చదువు ఆశ ఉన్నవారు ముందు ఆ భాష మీద ఒక ఏడాది పెట్టడం మంచిది, ఎందుకంటే అక్కడి బోధన ఫ్రెంచిలో సాగుతుంది. ఇంగ్లీషు మాధ్యమంలోనే ముందుకు వెళ్లదలచినవారు ఎక్సెటర్ వంటి చోట్లకు దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రవేశాల గడువు, రుసుము, ఉపకార వేతనాల వివరాలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ విశ్వవిద్యాలయాలకే నేరుగా రాయండి. వాక్యం కాస్త నడక నేర్చాక అహ్మదే ఖానీ 1692లో ముగించిన ‘మేమ్ ఊ జీన్’ కావ్యం జోలికి వెంటనే వెళ్లవద్దు. అరబ్బీ, పారసీక పదాలతో బరువైన ఆ పద్యం కొత్తవారిని భయపెడుతుంది. అదే ప్రేమకథకు మౌఖిక రూపమైన ‘మేమే ఆలాన్’ను లెస్కో సంపుటంలో ఫ్రెంచి అనువాదంతో పాటు చదవండి. ఖానీ దగ్గరికి ఆ తర్వాత వెళ్లవచ్చు.